శాస్త్ర సభలూ, రోగుల గొంతూ

శాస్త్రం వర్గాలకు అతీతమనీ, శాస్త్రజ్ఞుల సభలో సామాన్యునికి పని లేదనీ మన విద్యావంతులలో చాలామంది నమ్మకం. ఎయిడ్స్ పరిశోధన చరిత్ర ముందు ఈ నమ్మకం నిలవదు.

1983లో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన ఒక ఆరోగ్య మహాసభలో, తమను "బాధితులు" అని పిలవవద్దని కొందరు ఎయిడ్స్ రోగులు ప్రకటించారు. ఎయిడ్స్‌పై జరిగే ప్రతి సభలోనూ తమ మాటకు ఇతరుల మాటతో సమానమైన విలువ ఉండాలన్నారు. ఆనాడు అది కోరిక మాత్రమే.

ఆరేళ్ళకు ఆ కోరిక చర్య అయింది. 1989 జూన్ 4న మాంట్రియల్‌లో ఐదవ అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభ మొదలు కావలసి ఉన్నది. కెనడా ప్రధాని ముల్రోనీ మాట్లాడవలసిన వేదికను వందలాది ఉద్యమకారులు ఆక్రమించారు. వారిలో ఒకడైన టిమ్ మెకాస్కెల్ రోగుల పక్షాన సభను ప్రారంభించాడు. దీనిని అల్లరి అన్నవారున్నారు. కాని న్యూయార్కు నుంచి వచ్చిన 'యాక్ట్ అప్' సభ్యుల చేతిలో నినాదాలతోపాటు పరిశోధనా ప్రణాళిక కూడా ఉన్నది. ఔషధ పరీక్షలలో చేరే వీలులేని రోగులకు కూడా పరీక్షదశలో ఉన్న మందు అందాలని వారు వాదించారు. ఆ నెలలోనే ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు ఆంథొనీ ఫౌచీ ఆ పద్ధతిని బహిరంగంగా సమర్థించాడు.

అయితే ఈ విజయానికొక హద్దున్నది. 1996 నాటికి కొన్ని మందులను కలిపి ఇచ్చే చికిత్స రోగులను బ్రతికించసాగింది. మందులు ధనిక దేశాలలో ఉన్నవి. రోగులలో అత్యధికులు ఆఫ్రికాలో ఉన్నారు. 2000 జూలైలో మహాసభ తొలిసారి ఆఫ్రికాకు, దర్బన్‌కు వచ్చినప్పుడు ఈ వైరుధ్యం బట్టబయలైంది. అందరికీ మందులు కావాలని వేలాది జనం వీధులలో ఊరేగారు. తానూ హెచ్.ఐ.వి. సోకినవాడైన న్యాయమూర్తి ఎడ్విన్ కామెరాన్, ప్రాణాన్ని కొనుక్కోగల స్తోమత ఉన్నది గనుకనే తాను బ్రతికి ఉన్నానని సభలో చెప్పాడు.

2001 ఫిబ్రవరిలో ముంబయి కంపెనీ సిప్లా, ఏడాదికి పదివేల డాలర్లు పలికే చికిత్సను ఆఫ్రికాలో పనిచేసే వైద్యసేవా సంస్థకు 350 డాలర్లకే ఇస్తామన్నది. మన 1970 నాటి చట్టం ఔషధానికి పేటెంటు ఇవ్వకపోవడం వల్లనే అది సాధ్యమైంది. చౌక మందులకు దారితీసే దక్షిణాఫ్రికా చట్టంపై 39 ఔషధ కంపెనీలు నడిపిన దావా, ప్రజల ఒత్తిడి వల్ల ఏప్రిల్‌లో వీగిపోయింది.

2005లో మన చట్టం మారి, ఔషధాలకూ పేటెంటు వచ్చింది. మందును కనిపెట్టేది శాస్త్రజ్ఞుడే. అది ఎవరి నోటికి అందాలో నిర్ణయించేది మాత్రం సంఘం. ఆ నిర్ణయం జరిగే చోట రోగి లేకపోతే, అక్కడ లాభం ఒక్కటే మాట్లాడుతుంది.