దౌహృదం నుంచి దోహదం దాకా

ఆయుర్వేదంలో గర్భిణి కోరికను దౌహృదం అంటారు. సుశ్రుత సంహిత శారీరస్థానం పిండం ఎదుగుదలను నెలనెలా వివరిస్తుంది. మొదటి నెలలో కలలం అనే జిగురు పదార్థం, రెండో నెలలో గట్టిపడిన ముద్ద, మూడో నెలలో కాళ్లు, చేతులు, తల అయ్యే ఐదు మొగ్గలు. నాలుగో నెలలో గుండె స్పష్టమవుతుంది. గుండె చైతన్యానికి నెలవు కాబట్టి బిడ్డకు కోరికలు పుట్టి తల్లి నోట వెలువడతాయి. అలా రెండు హృదయాలున్న స్త్రీ దౌహృదిని. కోరిక తీర్చకపోతే బిడ్డకు అవకరం కలుగుతుందని గ్రంథం హెచ్చరిస్తుంది. చరక సంహిత ఈ దశను మూడో నెలలోనే చెప్పింది.

గుండె నాలుగో వారంలోనే కొట్టుకోవడం మొదలవుతుందని నేటి పిండశాస్త్రం తేల్చింది. కోరికకూ అవకరానికీ ముడిపెట్టడం నిలవలేదు. అయినా గర్భిణి మాటను చికిత్సలో భాగం చేసిన ఆ నియమం చాలా విలువైనది.

దోహదం దౌహృదమన్న మాటకే ప్రాకృత రూపమని చాలామంది పండితుల అభిప్రాయం. రఘువంశ కావ్యంలో గర్భిణి అయిన రాణి సుదక్షిణకు మట్టి తినాలనిపిస్తుంది. అలాంటి కోరిక ఇనుము లోపానికి గుర్తు కావచ్చని నేటి వైద్యులు రక్తపరీక్ష చేయిస్తారు. కావ్యాల్లో ఈ మాట చెట్లకూ పాకింది: స్త్రీ పాదం తాకితే అశోకం పూస్తుందట; ఆ తాకిడే దాని దోహదం. పూయించే ఉపచారమన్న ఆ అర్థానికి దగ్గరగానే తెలుగులో దోహదం తోడ్పాటుగా స్థిరపడింది.