ప్రమాదం జరిగాక కబురు ఎవరిది?

రోడ్డు ప్రమాదంలో గాయపడిన మనిషికి పరిహారం దక్కడం చాలాసార్లు ఒక్క విషయం మీద ఆధారపడుతుంది: బీమా కంపెనీకి కబురు ఎవరు, ఎప్పుడు అందించారు? మన మోటారు వాహన చట్టాలను ఈ ప్రశ్నతో చదివితే, ఆ బరువు బాధితుడి నెత్తి మీద నుంచి దిగి పోలీసు యంత్రాంగం మీదికి మారుతూ వచ్చిన తీరు తెలుస్తుంది. అది చేరవలసిన చోటికే చేరిందని నా అభిప్రాయం, చాలా ఆలస్యంగానే అయినా.

1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం చనిపోయినవారి కుటుంబానికి సివిల్ కోర్టు తలుపు మాత్రం చూపింది. ఎదుటివారి తప్పును రుజువు చేయడం ఆ కుటుంబం పనే. 1939 మోటారు వాహన చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసినా, ఆ అధ్యాయం అమల్లోకి వచ్చింది 1946లో. అందులోనూ ఒక షరతు ఉంది: కోర్టు ద్వారా కేసు సంగతి నోటీసుగా అందకపోతే, తీర్పు సొమ్ము కట్టే బాధ్యత కంపెనీకి లేదు. తన వాదన వినిపించే అవకాశం కంపెనీకి ఉండాలన్నది న్యాయమే. కానీ ఆసుపత్రి మంచం మీదున్న మనిషి గుద్దిన బండి నంబరు, యజమాని పేరు, పాలసీ వివరాలు ఎక్కడి నుంచి తెస్తాడు? 1956 సవరణతో క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లకు దారి ఏర్పడినా, 1982లో తప్పు రుజువు కాకుండానే మరణానికి 15,000 రూపాయలు ఇవ్వాలన్నా, ఈ చిక్కు విడలేదు.

అసలు మలుపు, 1939 చట్టం స్థానంలో వచ్చిన కొత్త మోటారు వాహన చట్టానికి 1994లో చేసిన సవరణ. ప్రమాద సమాచారం నమోదైన 30 రోజుల్లో పోలీసులే ట్రిబ్యునల్‌కు నివేదిక, బీమా కంపెనీకి దాని ప్రతి పంపాలని అది చెప్పింది. ఆచరణ అంతంతమాత్రం కావడంతో, 2007లో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధన అమలు చేయాలని ఆదేశించవలసి వచ్చింది. కబురు త్వరగా అందాలని బీమా సంస్థలే కోర్టుకు వెళ్లాయన్నది గమనించాలి. 2022 ఏప్రిల్ నుంచి అమలైన కేంద్ర నిబంధనలు 48 గంటల్లో తొలి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ఇవ్వాలన్నాయి.

దొంగ క్లెయిములు పెరుగుతాయని ఒక అభ్యంతరం ఉంది. క్లెయిము దాఖలుకు ఉండి, 1994లో తీసేసిన ఆరు నెలల గడువును 2019 సవరణ మళ్లీ తెచ్చినప్పుడూ ఈ భయమే సమర్థనగా వినిపించింది. కానీ గడువు నిజమైన బాధితుణ్ణీ బయటే నిలబెడుతుంది. బండి, సాక్షులు, గాయాలు 48 గంటల్లో కాగితం మీదికి వస్తే కల్పిత కథకు చోటే తగ్గుతుంది. మోసాన్ని ఆపేది వేగమే.

పోలీసులు చెబుతారు గనుక యజమాని ఊరుకోవచ్చా? కూడదు. వెంటనే తెలియజేయడం పాలసీ షరతు. యజమాని ఆలస్యం బాధితుడి హక్కును హరించదు. థర్డ్ పార్టీ విషయంలో కంపెనీ చెప్పదగిన సాకులను చట్టమే పరిమితం చేసింది. ఆ ఆలస్యం తన సొంత బండి నష్టానికి మాత్రం చిక్కు తెస్తుంది. సహేతుక కారణం ఉన్న ఆలస్యాన్ని పట్టుకుని నిజమైన క్లెయిమును తిరస్కరించవద్దని 2011లో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు చెప్పింది, అయినా ఆ కారణాన్ని చూపవలసింది మనమే. అందుకని ప్రమాదం జరిగిన రోజే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి, అందినట్టు రుజువు దాచుకోండి. గాయపడినవారి తరఫువారైతే తొలి ప్రమాద నివేదిక ప్రతిని పోలీస్ స్టేషన్‌లో అడిగి తీసుకోండి. అది మీ హక్కు.