మాట వెనుక కథ: శిలాజం

'శిల' రాయి, 'జ' పుట్టినది; రెండూ సంస్కృతమే. అంటే శిలాజం రాతిలో పుట్టింది. జరిగింది మాత్రం తలకిందులు: ప్రాణి అవశేషమే రాయిలో భాగమైంది. ఇంగ్లిష్ 'ఫాసిల్'కు మూలమైన లాటిన్ మాటకు 'తవ్వి తీసింది' అని అర్థం. ఒకప్పుడు ఖనిజాలనూ అలాగే అనేవారు. నేడు బొగ్గు, పెట్రోలు మనకు 'శిలాజ ఇంధనాలు'.

గుల్లలు పేరుకుని ఏర్పడే సున్నపురాయిలో శిలాజాలు ఎక్కువ. రాజమహేంద్రవరం దగ్గరి కాటేరులో లావా పొరల నడుమనున్న సున్నపురాయిలో ఆల్చిప్పలు, నత్తగుల్లలు దొరికాయి. కర్నూలు నాపరాయీ సున్నపురాయే, కానీ అందులో గుల్లలను వెతకడం దండగ. గుల్ల ఉన్న ప్రాణులు పుట్టకముందే అది ఏర్పడింది. ఏదైనా రాయి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కకు బుసబుస పొంగితే అది సున్నపురాయి కావచ్చు. అందులో శిలాజం ఉందో లేదో భూతద్దంతో చూసి తేల్చుకోవాలి.