లినక్సులో ధ్వని సాఫ్ట్‌వేరు కంపైలింగు - లైబ్రరీ ఆధారాలు

లినక్సు నిర్వహణ వ్యవస్థలో ఒక ధ్వని సాఫ్ట్‌వేరును సోర్సు కోడు నుండి కంపైలు చేయుటకు ముందుగా కంప్యూటరులో ఉండవలసిన ఇతర లైబ్రరీలను లైబ్రరీ ఆధారాలు లేదా డిపెండెన్సీలు అంటారు. కంపైలింగు మధ్యలో ఆగిపోవుటకు, పూర్తయిన తరువాత కూడా ప్రోగ్రాము నడవకపోవుటకు ఎక్కువగా ఇవే కారణమవుతాయి.

నేపథ్యం

ధ్వని ప్రోగ్రాము అన్ని పనులనూ స్వయంగా చేయదు. సౌండు కార్డును నడిపే పనిని ఆల్సాకు, ప్రోగ్రాముల మధ్య ధ్వనిని చేరవేసే పనిని జాక్‌కు, వేవ్, ఫ్లాక్ వంటి ఫైళ్ళను చదివే పనిని లిబ్‌ఎస్ఎన్‌డీఫైల్‌కు అప్పగిస్తుంది. 2003 డిసెంబరులో విడుదలైన లినక్సు 2.6 కెర్నలుతో పాత ఓఎస్ఎస్ స్థానాన్ని ఆల్సా ఆక్రమించింది. తరువాత పల్స్ ఆడియో, పైప్‌వైర్ వచ్చాయి. 2021లో వెలువడిన ఫెడోరా 34 పైప్‌వైర్‌ను ప్రధాన ధ్వని వ్యవస్థగా స్వీకరించింది. ఒకే ప్రోగ్రాము ఇన్నిటితో పనిచేయవలసి రావడం వలన దాని ఆధారాల జాబితా పెద్దదవుతుంది.

దోషాలు ఎదురయ్యే దశలు

తెరపై ఎన్ని దోషాలు కనిపించినా మొదటిదానినే ముందుగా చదవాలి. తక్కినవి చాలావరకు దాని ఫలితాలే.

1. పరిశీలన దశ: కాన్ఫిగర్, సీమేక్, మేసన్ వంటి సాధనాలు అవసరమైన లైబ్రరీల కోసం వెదకుతాయి. ఇందుకు సాధారణంగా పీకేజీ-కాన్ఫిగ్ అనే ఉపకరణం తోడ్పడుతుంది. లైబ్రరీ ఉన్నప్పటికీ "దొరకలేదు" అని వచ్చిందంటే, తరచుగా దాని అభివృద్ధి ప్యాకేజీ లేదని అర్థం. ప్రోగ్రామును నడుపుటకు లైబ్రరీ చాలు. కంపైలు చేయుటకు హెడర్ ఫైళ్ళు కూడా కావాలి. డెబియన్, ఉబుంటులలో ఇటువంటి ప్యాకేజీల పేర్లు "డెవ్" అనీ, ఫెడోరాలో "డెవెల్" అనీ ముగుస్తాయి.

2. కంపైలు దశ: "హెడర్ ఫైలు లేదు" అన్న సందేశం వస్తుంది. కారణం పైన చెప్పినదే. ఆ ఫైలు ఏ ప్యాకేజీలో ఉన్నదో డెబియన్‌లో ఆప్ట్-ఫైల్ తెలుపుతుంది.

3. లింకింగు దశ: "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అనగా పిలిచిన ఫంక్షను ఏ లైబ్రరీలోనూ దొరకలేదని అర్థం. లైబ్రరీ పేరు ఇవ్వకపోవడం, పాత వెర్షను ఉండడం, ఆదేశంలో లైబ్రరీల వరుస తప్పడం ఇందుకు కారణాలు. లైబ్రరీల పేర్లను వాటిని వాడుకునే ఫైళ్ళ తరువాత ఇవ్వాలి.

4. నడిచే దశ: కంపైలింగు పూర్తయినా ప్రోగ్రాము తెరుచుకోదు. ఏ లైబ్రరీ దొరకలేదో ఎల్‌డీడీ ఆదేశం చూపుతుంది. యూఎస్ఆర్/లోకల్ క్రింద కొత్తగా లైబ్రరీని స్థాపించినప్పుడు ఎల్‌డీకాన్ఫిగ్ ఆదేశాన్ని నడపాలి. ఫెడోరా వంటి కొన్ని పంపిణీలలో ఆ డైరెక్టరీని వెదకే జాబితాలో ముందుగా చేర్చాలి.

దోషం చూపని లోపాలు

కొన్ని ఆధారాలు ఐచ్ఛికాలు. అవి లేకున్నా కంపైలింగు ఆగదు, ఆ సౌకర్యం మాత్రం లోపిస్తుంది. ఉదాహరణకు ఆల్సా హెడర్ ఫైళ్ళు లేని కంప్యూటరులో ఫ్లూయిడ్‌సింత్‌ను కంపైలు చేస్తే ఆల్సా డ్రైవరు లేకుండానే అది తయారవుతుంది. అందువలన పరిశీలన దశ చివర వచ్చే సారాంశాన్ని తప్పక చదవాలి.

చేయకూడని పనులు

ప్రోగ్రాము ఒక సంఖ్య గల లైబ్రరీని అడిగినప్పుడు మరో సంఖ్య గలదానికి ఆ పేరుతో లింకు సృష్టించడం ప్రమాదకరం. డెబియన్ 11లో ఫ్లాక్ లైబ్రరీ సంఖ్య 8. 2023లో వచ్చిన డెబియన్ 12లో అది 12. సంఖ్య మారినదంటే లైబ్రరీ అంతర్నిర్మాణం పాతదానితో పొసగదని సూచన. ఇక్కడ ప్రోగ్రామును మరల కంపైలు చేయడమే సరైన మార్గం.

పంపిణీతో వచ్చిన జాక్ ఉండగానే మరొక జాక్‌ను సోర్సు నుండి స్థాపిస్తే, సర్వరు ఒకదానిని, ప్రోగ్రాము వేరొకదానిని వాడే అవకాశం కలదు. అప్పుడు రెండింటికీ సంబంధం కుదరదు. వ్యవస్థ లైబ్రరీలను తొలగించి వాటి స్థానంలో సొంతవాటిని ఉంచితే, వాటిపై ఆధారపడిన ఇతర ప్రోగ్రాములు కూడా ఆగిపోవచ్చు.

సులభ మార్గం

ఆ సాఫ్ట్‌వేరు పాత వెర్షను పంపిణీలో ఉంటే, దాని ఆధారాలన్నిటినీ డెబియన్‌లో ఆప్ట్ బిల్డ్-డెప్, ఫెడోరాలో డీఎన్ఎఫ్ బిల్డ్‌డెప్ ఆదేశాలతో ఒకేసారి పొందవచ్చును. కొత్త వెర్షను అదనంగా కోరే ఒకటి రెండు లైబ్రరీలను మాత్రమే అప్పుడు విడిగా సమకూర్చుకోవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

లినక్సు
ఆల్సా
జాక్
కంపైలరు