షార్లొట్ సాలమన్ స్వీయచిత్రాలు: శైథిల్యమా, శిల్పమా?

స్వీయచిత్రం అనగానే అద్దం ముందు స్థిమితంగా కూర్చున్న చిత్రకారుడు మన మనసులో మెదులుతాడు. వెలుతురు మారకూడదు, బయటి ప్రపంచం కాసేపు ఆగాలి. ఆ స్థిమితాన్నే చరిత్ర లాగేసుకున్నప్పుడు మనిషి తన బొమ్మ ఎలా వేసుకుంటుంది? షార్లొట్ సాలమన్ చిత్రాలను ఈ ప్రశ్నతో చూడాలని నా అభిప్రాయం.

ఆమె 1917లో బెర్లిన్‌లో ఒక యూదు వైద్యుని ఇంట పుట్టింది. 1938 నవంబరు దాడుల తరువాత నాజీలు తండ్రిని నిర్బంధ శిబిరంలో పెట్టారు. 1939 జనవరిలో ఆమె దక్షిణ ఫ్రాన్సులో తలదాచుకున్న అమ్మమ్మా తాతయ్యల దగ్గరకు చేరింది. 1940లో అమ్మమ్మ ఆత్మహత్య చేసుకుంది. 1926లో తల్లి పోయింది జ్వరంతో కాదనీ, ఆమెదీ ఆత్మహత్యేననీ షార్లొట్‌కు తెలిసింది అప్పుడే. అదే ఏడాది తాతతో పాటు గుర్స్ శిబిరంలో నిర్బంధం. బయటకు వచ్చాక, బొమ్మలు వెయ్యమని ఒక వైద్యుడు సలహా ఇచ్చాడు.

1942 నాటికి ఆమె పదమూడు వందలకు పైగా చిత్రాలు వేసింది. వాటిలో 769 ఏరి, వరుస కూర్చి, ‘జీవితమా? నాటకమా?’ అని పేరు పెట్టింది. అన్నీ గువాష్‌లు. గువాష్ కూడా నీటిరంగే. కాకపోతే కాగితాన్ని కప్పేసేంత చిక్కన. ఎరుపు, పసుపు, నీలం, కొంచెం తెలుపు - ప్రధానంగా ఇంతే ఆమె సరంజామా.

మొదటి భాగంలోని చిత్రాలు ఓపికగా వేసినవి. ఒకే కాగితం మీద గదులు, మెట్లు, మనుషులు, ఒకదాని పక్కన ఒకటి అనేక ఘట్టాలు. మాటలను పైన పరిచిన పల్చని కాగితం మీద విడిగా రాసింది. పోనుపోను ఆ పై కాగితం మాయమవుతుంది. మాటలు బొమ్మలోకే దిగుతాయి, అవీ కుంచెతోనే. ముఖాలు నాలుగు గీతలకు కుదించుకుపోతాయి. ప్రియుడు మాట్లాడుతూ ఉంటే అతని తల వరుసలు వరుసలుగా, పదేపదే. చివరికి రంగు పల్చబడి కాగితం బయటపడుతుంది.

ఇది తొందర వల్ల వచ్చిన శైథిల్యమేనని అనేవారు ఉండవచ్చు. తొందర నిజమే, దాన్ని దాచనక్కర లేదు. కాని ఏ పద్ధతిని వదిలిపెట్టిందో దానిలో ఆమె చెయ్యి తిరిగినది. బెర్లిన్ కళాశాలలో చదివింది. 1940లోనే విడిగా వేసుకున్న స్వీయచిత్రంలో, మెడ కొద్దిగా తిప్పి మనవైపు చూసే ఆ ముఖంలో, గట్టి సాధన కనిపిస్తుంది. మా బడిలో పిల్లలు గీత తప్పితే రబ్బరు కోసం వెతుక్కుంటారు. నీటిరంగుకు రబ్బరు లేదు. పడిన మరక పడినట్టే ఉంటుంది, దాన్ని కలుపుకుని ముందుకు పోవలసిందే. ఆమె దాన్నే పద్ధతి చేసుకుంది.

రచయితలు గమనించవలసింది మరొకటి. ఈ కథలో ‘నేను’ లేదు. నాయిక పేరు షార్లొట్ కాన్. సవతి తల్లికీ, ప్రియుడికీ కూడా మారుపేర్లే, అందులోనూ హాస్యపు పేర్లు. ఏ బొమ్మకు ఏ పాట నేపథ్యమో కూడా సూచించింది. దీన్ని డైరీ అనడం నాకు సమ్మతం కాదు. డైరీ రాసేవారు పన్నెండు, పదమూడు వందల పేజీలలోంచి సగం పక్కన పెట్టరు. తమను తాము పాత్రగా నిలబెట్టి నవ్వరు. ఆమెను ఫాసిజానికి బలి అయిన అమ్మాయిగా మాత్రమే చూసే జాలిలో ఈ నిర్మాణం మరుగున పడుతోంది.

ఆ బలి మాత్రం అబద్ధం కాదు. చిత్రాలన్నీ ఆ వైద్యునికి అప్పగించింది. 1943 సెప్టెంబరులో ఆమెను పట్టుకున్నారు. అక్టోబరులో ఆష్విట్జ్‌లో చంపారు. వయసు ఇరవై ఆరు, అప్పుడు గర్భిణి. హాలెండులో తలదాచుకుని బతికిన తండ్రీ సవతి తల్లీ యుద్ధం ముగిశాక ఆ చిత్రాలను చేజిక్కించుకుని, 1971లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని యూదు చరిత్ర మ్యూజియానికి ఇచ్చారు.

చివరి చిత్రంలో ఆమె సముద్రపు ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని బొమ్మ వేస్తోంది. చేతిలోని కాగితం గుండా సముద్రం కనిపిస్తోంది. ముఖం మనకు కనిపించదు. పుస్తకం పేరు ఆమె వీపు మీద రాసి ఉంది.