వజన్ ఎటు పోతుంది?

అమ్మీ హజ్ నుంచి వచ్చాక, జమ్‌జమ్ నీళ్లు పంచడానికి ముందే చెప్పిన మాట నాకింకా యాదుంది. "జిద్దాలో దిగంగానే నెత్తి మీద ఖైమాలే ఖైమాలు బేటా. అంత పెద్ద ఛత్‌ను ఎవరు నిలబెట్టారో!" అప్పుడు నా దగ్గర జవాబు లేదు. మా ఉర్దూ మీడియం బడిలో తారీఖ్ అంటే బాద్‌షాలు, జంగ్‌లు. ఇమారత్ కట్టించినవాడి పేరు కితాబులో ఉండేది, దాని వజన్ లెక్కగట్టినవాడి పేరు ఉండేది కాదు.

ఆ ఛత్ వెనక ఉన్న ఇంజినీర్ పేరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. 1929లో ఢాకాలో పుట్టారు. 1952లో ఫుల్‌బ్రైట్ వజీఫా మీద అమెరికా వెళ్లి, మూడేళ్లలో రెండు మాస్టర్స్ డిగ్రీలు, ఒక డాక్టరేట్ సంపాదించారు. 1955లో షికాగోలోని స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెర్రిల్ కంపెనీలో చేరారు.

ఎత్తైన ఇమారత్‌కు పెద్ద దుష్మన్ దాని సొంత బరువని అనుకుంటాం. ఒక ఎత్తు దాటాక అసలు దుష్మన్ హవా. అంతస్తులు పెరిగేకొద్దీ బరువు మోసే ఉక్కు పెరుగుతుంది, గాలికి ఊగకుండా ఆపే ఉక్కు అంతకంటే జల్దీగా పెరుగుతుంది. లోపలంతా సుతూన్లు నిలబెట్టే పాత తరీఖాలో ఆ ఖర్చు గిట్టదు.

ఖాన్ సాబ్ సుతూన్లను ఇమారత్ బయటి అంచుకు తెచ్చి, దగ్గర దగ్గరగా నిలిపి, దూలాలతో కట్టేశారు. అప్పుడు ఇమారత్ మొత్తం ఒక గొట్టంలా పనిచేస్తుంది. వెదురు బొంగును చూడండి. లోపల ఖాళీ, బలమంతా అంచున. అందుకే తక్కువ బరువుతోనే గాలిని తట్టుకుంటుంది.

1931 నాటి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌కు 102 అంతస్తులు. దానికి చదరపు అడుగుకు 40 పౌండ్లకు పైగా ఉక్కు పట్టింది. ఖాన్ సాబ్ లెక్కగట్టిన 100 అంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటర్‌కు సుమారు 30 పౌండ్లే సరిపోయింది. తర్వాత సియర్స్ టవర్: 110 అంతస్తులు, 442 మీటర్లు. అందులో తొమ్మిది గొట్టాల్ని ఒక కట్టగా కట్టారు. రెండు 50వ అంతస్తు దగ్గర ఆగిపోతాయి, రెండు 66 దగ్గర, మూడు 90 దగ్గర. చివరిదాకా వెళ్లేవి రెండే. పైకి పోయేకొద్దీ బరువు దింపుకుంటూ పోయే ముసాఫిర్ లాంటిదది.

ఇక అమ్మీ చూసిన హజ్ టెర్మినల్. అక్కడ ఛత్ బరువైన కాంక్రీటు కాదు, టెఫ్లాన్ పూసిన గాజునారల బట్ట. 210 ఖైమాలు, ఒక్కొక్కటి 45 మీటర్ల చదరం, ఉక్కు తీగలతో స్తంభాలకు వేలాడతాయి. ప్రతి ఖైమా తన స్తంభాన్ని తనవైపు గుంజుతుంది, పక్క ఖైమా అటు గుంజుతుంది. రెండూ సరితూగి స్తంభం నిటారుగా ఉంటుంది. అంచున గుంజడానికి పక్క ఖైమా ఉండదు కాబట్టి అక్కడ జంట స్తంభాలు, మూలల్లో నాలుగేసి. తవాజున్ అంటే అదే. 1982లో ఖాన్ సాబ్ ఇంతకాల్ అయింది కూడా జిద్దాలోనే. వయసు 52.

ఈ సంగతులు చదివిన రోజుల్లోనే మా ఇంట్లో ఒక తక్‌రార్. తమ్ముడి నిఖా దగ్గరపడింది, మేడ మీద ఇంకో అంతస్తు వేద్దామన్నాడు. మేస్త్రీ "కుచ్ నై హోతా" అన్నాడు. నేను ఒకటే అడిగాను: "ఆ వజన్ ఎటు పోతుంది?" జవాబు రాలేదు. ఇంజినీర్‌ను పిలిచాం. అబ్బా ఒక అంతస్తుకని వేసిన బునియాద్ మీద ఇప్పటికే రెండున్నాయని, మూడోది వద్దని తేల్చి చెప్పాడు. తమ్ముడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఎదురింట్లో కిరాయికి ఉంటున్నాడు. రాత్రి దస్తర్‌ఖాన్ మాత్రం మా ఇంట్లోనే.

అమ్మీకి ఆ ఇంజినీర్ పేరు చెప్పాను. ఆమె చేతులెత్తి దువా చేసింది.