చెక్కా? రాయా?

వంగండి. ఇంకొంచెం. నిన్ననే అమావాస్య, పాటుకి నీరు బాగా వెనక్కి పోయింది. ఎప్పుడూ మునిగి ఉండే గులకరాళ్ల మేట మీ కాళ్ల దగ్గర తడితడిగా మెరుస్తోంది. ఇది చిడియా టాపూ, దక్షిణ అండమాన్ కొస. పోర్ట్ బ్లెయిర్ నుంచి పాతిక కిలోమీటర్లు. ఆ ఊరి పేరిప్పుడు శ్రీ విజయపురం. వెనక నిటారు గట్టు, పైన అడవి. ఇక్కడి నీళ్లలో మొసళ్లు తిరుగుతాయి. అటు ఒక కన్ను వేసి ఉంచండి.

మీతో వచ్చిన జంగ్లీఘాట్ జాలరి రాళ్లకేసి చూడటం లేదు, నీటి అంచుకేసే చూస్తున్నాడు. వాళ్ల తాత సిక్కోలు నుంచి వచ్చాడట.

"గంటే ఉంది బాబూ. పోటు తిరిగిందంటే ఈ గట్టు కింద నిలబడ్డానికి చోటుండదు."

ఆ ఎర్రరాయి తీయండి. ఇటుక రంగు, గాజు నునుపు. చాకు మొనతో గీయండి. గీత పడదు. చాకు ఇనుమే దానిమీద బూడిదరంగు చారగా అంటుకుంటుంది. ఇది చెర్ట్. రేడియోలేరియన్లని కంటికి ఆనని జీవులున్నాయి. అవి చచ్చాక వాటి సిలికా డొల్లలు సముద్రపు అడుగుకు రాలి, పేరుకుని, ఇలా బిగుసుకుంటాయి. అంత లోతున ఉండాల్సింది మీ అరచేతిలోకి ఎలా వచ్చింది? భారత భూపలక ఈ దీవుల కిందికి దూరుతోంది. ఆ ఒత్తిడికి పాత సముద్రపు అడుగు పెళ్లలుగా పైకి లేచింది. అందులోని కొన్ని రాళ్ల వయసు సుమారు 9.5 కోట్ల ఏళ్లు.

పక్కన తెల్లముక్క, నిండా చుక్కల్లాంటి గుంటలు. పగడం. జేబులో వేసుకోకండి, చచ్చిన ముక్కనైనా తీసుకుపోవడం నేరం.

అదిగో.

గోధుమ-ఆకుపచ్చ రంగు. జానెడు పొడవు. నిలువునా పోగులు, అచ్చం విరిగిన పడాక్ చెట్టు చెక్క. గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంటుంది. మీరు వెతుకుతున్న రాతిచెట్టేనా, రాయైపోయిన చెక్కేనా?

"ఏటి బాబూ, చెక్కా?"

చేతిలో రాయి బరువే ఉంది. ఆత్రం వద్దు. పక్కల పోగులు ఎవరినైనా మోసం చేస్తాయి, చూడాల్సింది అడ్డకోత. కొసను నీళ్లలో తడిపి భూతద్దం కింద పెట్టండి. వేడి దేశాల చెట్లలో వలయాలు సరిగ్గా కనపడకపోవచ్చు, కానీ నీరు పీల్చిన గొట్టాలు రాయిగా మారినా సూదిమొన రంధ్రాల్లా కనిపిస్తాయి. పుదుచ్చేరి దగ్గర తిరువక్కరైలో రాయైపోయిన మానులు ఉన్నాయి. బురదలో గాలి తగలకుండా పూడిపోయిన చెక్కలోకి సిలికా నీరు ఇంకి, కణం తర్వాత కణాన్ని నింపితే అలా అవుతుంది. కొన్నిచోట్ల సముద్రపు పురుగు తొలిచిన సొరంగాలు కూడా రాయిలో అలాగే నిలిచాయి.

ఇక్కడ రంధ్రాలు లేవు.

చాకు పెట్టండి. దిగింది! చెర్ట్‌లా కాదు, మెత్తన. పీచు లేస్తోంది. తెల్లటి, పట్టులాంటి పీచు.

ఆపండి.

ఊపిరి బిగబట్టండి. రాయిని నీళ్లలో ముంచండి. చేతులు కడుక్కోండి.

ఇది సర్పెంటినైట్. పాము చర్మంలాంటి నిగనిగను బట్టి వచ్చిన పేరు. సముద్రపు అడుగుకూ అడుగున, భూమి మాంటిల్‌లో పుట్టిన రాయి నీరు పీల్చి ఇలా మారింది. దానిలో పీచుగా విడిపోయే రకమే క్రైసోటైల్, అంటే ఆస్బెస్టాస్. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి ఉండిపోతుంది.

"బాబూ! నీరొచ్చేస్తంది. ఎల్దాం."

మడమలు తడిశాయి. ఎర్రరాళ్లు కనపడటం లేదు. పిక్కల దాకా వచ్చింది. రాయి చేతిలోనే ఉంది. వదిలేయండి.

వదిలారు. పదండి.

గట్టువైపు. కాలు జారింది. అల. మోకాళ్లు. ఇంకో అల. పట్టు కావాలి.

నీళ్లలో వాలి ఉన్న ఆ మోడును అందుకోండి. 2004 డిసెంబరు 26న భూకంపానికి ఈ నేల సుమారు మీటరు కుంగింది. ఉప్పునీరు వేళ్లకెక్కి ఒడ్డునున్న చెట్లెన్నో నిలువునా ఎండిపోయాయి. జాలరి మీ మణికట్టు పట్టి పైకి లాగుతున్నాడు. మీ రెండో చేతి వేళ్లు మోడును తడుముతూ సముద్రపు పురుగు తొలిచిన సొరంగాల్లోకి దిగాయి. లోపల ఇంకా మెత్తగానే ఉంది.